డీడీఎస్ ఖర్చుల ఆడిట్‌లో లెక్క తేలనప్పుడు: సమస్య, కారణం, పరిష్కారం

అమెరికాలో వైకల్య బీమాకో, ఎస్ఎస్ఐ భృతికో (తక్కువ ఆదాయం ఉన్నవారికి ఇచ్చే నెలసరి సాయం) దరఖాస్తు చేసుకున్న వ్యక్తికి వైద్యపరంగా అర్హత ఉందా లేదా అన్నది మొదట తేల్చేది ఫెడరల్ ఉద్యోగులు కాదు. ప్రతి రాష్ట్రంలోనూ ఉండే డిజెబిలిటీ డిటర్మినేషన్ సర్వీసెస్, అంటే డీడీఎస్ కార్యాలయాల్లోని రాష్ట్ర ఉద్యోగులే ఆ పని చేస్తారు. పని రాష్ట్రానిది, ఖర్చు మాత్రం ఫెడరల్ సంస్థ అయిన సోషల్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ (ఎస్ఎస్ఏ)ది. జీతాలు, వైద్య పరీక్షల ఫీజులు, అద్దె, సామగ్రి, డీడీఎస్ ఏ రాష్ట్రశాఖలో భాగమో ఆ మాతృశాఖ నుంచి వచ్చి పడే పరోక్ష వ్యయం, వీటిలో నిబంధనలు అనుమతించే ప్రతి డాలరునూ ఎస్ఎస్ఏ 100 శాతం భరిస్తుంది. రాష్ట్రం తన వాటాగా ఏమీ పెట్టనవసరం లేదు కాబట్టి, సొంత ఖజానా నుంచి పోయే డబ్బు మీద ఉండే చూపు ఈ డబ్బు మీద ఉండకపోవచ్చు. ఈ ఆడిట్‌కు అసలు అవసరం అక్కడే ఉందని నా అభిప్రాయం. ఇక్కడ వృథా అయిన ప్రతి మొత్తమూ ఒక రోగి ఫైలు చూడవలసిన ఉద్యోగి జీతమో, ఒక దరఖాస్తుదారుకు చేయించవలసిన పరీక్ష ఖర్చో అవుతుంది.

మన దేశంలో కేంద్రం ముందు గ్రాంటు విడుదల చేస్తే, రాష్ట్రం తరువాత వినియోగ ధ్రువపత్రం పంపుతుంది. డీడీఎస్ పద్ధతి వేరు. ఫెడరల్ ట్రెజరీకి చెందిన ఏశాప్ అనే ఆన్‌లైన్ చెల్లింపు వ్యవస్థ నుంచి రాష్ట్రం ఎప్పటికప్పుడు డబ్బు డ్రా చేసుకుంటుంది, అయిన ఖర్చును ఎస్ఎస్ఏ-4513 ఫారంలో మూడు నెలలకోసారి నివేదిస్తుంది. ఆ ఫారంలో సిబ్బంది, వైద్యం, పరోక్ష వ్యయం, ఇతర ఖర్చులు అని నాలుగు పద్దులుంటాయి. తనిఖీ ఎప్పుడూ ఆ ఫారం నుంచి కాక రాష్ట్రపు సొంత లెడ్జర్ నుంచి మొదలుపెట్టాలి, ఎందుకంటే ఫారంలోని అంకెలు చాలాచోట్ల మధ్యలో ఎవరో తయారుచేసిన స్ప్రెడ్‌షీట్ గుండా వస్తాయి, లోపం దొరికేది తరచుగా ఆ షీటులోనే.

సమస్య: డ్రా చేసిన మొత్తం నివేదించిన చెల్లింపుల కన్నా ఎక్కువగా ఉంది

ఇది కనిపించగానే డబ్బు పక్కదారి పట్టిందన్న అనుమానం కలగడం సహజమే గాని, కారణాలు చాలావరకు తేదీల్లో ఉంటాయి. ఫెడరల్ ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలై సెప్టెంబరు 30న ముగుస్తుంది. రాష్ట్రాల్లో ఎక్కువ భాగానికి సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. ఏ ఫెడరల్ సంవత్సరపు ఖర్చును ఆ సంవత్సరపు కేటాయింపు నుంచే తీయాలి. సెప్టెంబరులో జరిగిన వైద్య పరీక్ష బిల్లు నవంబరులో చెల్లించేటప్పుడు, లెక్కల విభాగం పాత సంవత్సరపు ఖాతాకు బదులు కొత్త సంవత్సరపు ఖాతా నుంచి డ్రా చేస్తే రెండు సంవత్సరాల లెక్కలూ చెడిపోతాయి.

ఉదాహరణకు, ఒక సంవత్సరంలో 2 కోట్ల 40 లక్షల డాలర్లు డ్రా చేసి, 2 కోట్ల 31 లక్షల చెల్లింపులు నివేదించారనుకుందాం. తేడా 9 లక్షలు. ముందటి సంవత్సరపు లెక్క పక్కన పెట్టి చూస్తే, అక్కడ చెల్లింపుల కన్నా 7 లక్షలు తక్కువ డ్రా చేసినట్టు తేలవచ్చు. అంటే ఆ 7 లక్షలు తప్పు సంవత్సరపు ఖాతా నుంచి వచ్చాయి. మిగిలిన 2 లక్షల్లో 1 లక్షా 20 వేలు వైద్యులు తిరిగి పంపిన డబ్బు, రద్దయిన చెక్కులు కావచ్చు: చెల్లింపుల్లో వీటిని తగ్గించారు గాని, తరువాతి డ్రాలో తగ్గించలేదు. ఆఖరి 80 వేలు జీతాలకు అంచనా మీద ముందే తీసుకుని, అసలు ఖర్చు తేలాక సరిచేయని మొత్తం కావచ్చు. ఒకే తేడాకు మూడు కారణాలు, మూడింటికీ వేర్వేరు సవరణలు కావాలి. ఒక్క సంవత్సరాన్నే విడిగా చూసే ఆడిటర్‌కు ఇది ఎప్పటికీ తేలదు.

పరిష్కారం ఏమిటంటే, ఇంకా మూసివేయని సంవత్సరాలన్నింటినీ ఒకే పట్టికలో పెట్టి, ప్రతి డ్రాకు ఎదురుగా అది ఏ చెల్లింపుల కోసమో రాయించాలి. తప్పు ఖాతా నుంచి వచ్చినదాన్ని ఎస్ఎస్ఏకు తెలియజేసి సరైన సంవత్సరానికి మార్పించాలి, నిజంగా అదనంగా తీసుకున్నదాన్ని తిరిగి జమచేయాలి, 4513 ఫారంను సవరించి మళ్లీ పంపాలి. 1990 నాటి నగదు నిర్వహణ చట్టం కింద ట్రెజరీతో రాష్ట్రం చేసుకున్న ఒప్పందం ఈ పథకానికి వర్తిస్తే, ఫెడరల్ డబ్బు రాష్ట్ర ఖాతాలో ఊరికే ఉన్న రోజులకు వడ్డీ కూడా లెక్కకట్టాలి.

సమస్య: ఉద్యోగుల సంఖ్య పెరగకుండానే పరోక్ష వ్యయం పెరిగింది

డీడీఎస్ సాధారణంగా ఒక పెద్ద రాష్ట్రశాఖలో భాగంగా ఉంటుంది. ఆ శాఖ మానవ వనరులు, లెక్కలు, కంప్యూటర్ విభాగాల ఖర్చులో డీడీఎస్ వంతును ఆమోదిత రేటు ప్రకారం వేస్తారు. రేటు సరిగ్గానే ఉండి, దాన్ని వేసిన మూలం, అంటే ఏ ఖర్చుల మొత్తం మీద రేటు వేశారో అది, తప్పు కావడమే ఇక్కడ నేను మొదట వెతికే కారణం. రేటు 12 శాతం, అది జీతాల మీద మాత్రమే వేయాలని ఒప్పందంలో ఉందనుకుందాం. జీతాలు 1 కోటి డాలర్లు, వైద్య ఖర్చు 40 లక్షలు ఉంటే పరోక్ష వ్యయం 12 లక్షలు రావాలి. సాఫ్ట్‌వేర్ రెండింటినీ కలిపి 1 కోటి 40 లక్షల మీద లెక్కిస్తే 16 లక్షల 80 వేలు వస్తుంది. ఏ బిల్లూ నకిలీది కాదు, ఏ సంతకమూ తప్పిపోలేదు, అయినా 4 లక్షల 80 వేల డాలర్లు అనర్హమైన ఖర్చు. వోచర్లు మాత్రమే తిరగేసే తనిఖీలో ఇది బయటపడదు, కాబట్టి రేటు ఒప్పందపు అసలు ప్రతిని తెప్పించుకుని, అందులో మూలం గురించి రాసిన వాక్యాన్ని చదివి, లెక్కను మనమే మళ్లీ వేయాలి.

రెండో కారణం, తాత్కాలిక రేటుతో ఖర్చు వేసి, తుది రేటు వచ్చాక సర్దుబాటు చేయకపోవడం. మూడోది ఒకే ఖర్చును రెండు దారుల్లో వేయడం. మాతృశాఖ అకౌంటెంటు జీతం పరోక్ష రేటులో చేరి ఉండగా, అదే వ్యక్తి డీడీఎస్ కోసం పనిచేసిన గంటలను నేరుగా కూడా వేస్తారు. రేటు ప్రతిపాదనలోని ఉద్యోగుల జాబితాను, నేరుగా వేసిన జీతాల జాబితాను పక్కపక్కన పెట్టి పోల్చితే ఇది తేలుతుంది. సవరణగా అదనపు మొత్తాన్ని వాపసు చేయించడంతో ఆగకుండా, సాఫ్ట్‌వేర్‌లోని లెక్కింపు నిబంధనను మార్చినట్టు రుజువు కూడా అడగాలి.

సమస్య: మెడికెయిడ్ కేసులు చూసే ఉద్యోగి జీతం మొత్తం ఎస్ఎస్ఏ పద్దులో ఉంది

కొన్ని రాష్ట్రాల్లో మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవారి ప్రభుత్వ ఆరోగ్య పథకం) కోసం కావలసిన వైకల్య నిర్ణయాలు కూడా డీడీఎస్ సిబ్బందే చేస్తారు. ఆ ఖర్చు ఎస్ఎస్ఏది కాదు. పని గంటల నమోదు లేకపోవడమో, బడ్జెట్ వేసేటప్పుడు ఊహించిన నిష్పత్తినే ఏళ్ల తరబడి వాడడమో దీనికి కారణం. ఫెడరల్ గ్రాంట్ల ఏకరూప నిబంధనల ప్రకారం జీతం వేయడానికి బడ్జెట్ అంచనా ఒక్కటే ఆధారం కాదు. అసలు చేసిన పనిని చూపే రికార్డు ఉండాలి. అది లేనప్పుడు ఆ కాలంలో పూర్తయిన రెండు రకాల కేసుల సంఖ్యను, వాటికి పట్టే సమయాన్ని ఆధారంగా చేసుకుని ఖర్చును పంచి, రాష్ట్రం వంతును రాబట్టాలి. జీతంతో పాటు ఆ కేసులకు పట్టిన అద్దె, తపాలా, పరోక్ష వ్యయం కూడా పంచాలి. జీతం పంచి తక్కినవి వదిలేస్తే సవరణ సగమే అయినట్టు.

సమస్య: ఒకే పరీక్షకు వేర్వేరు ఫీజులు

దరఖాస్తుదారు సొంత వైద్యుల రికార్డులు చాలనప్పుడు డీడీఎస్ తన ఖర్చుతో పరీక్ష చేయిస్తుంది. అదే రకమైన సేవకు ఆ రాష్ట్రంలో ఫెడరల్ సంస్థలు గాని, ఇతర ప్రభుత్వ సంస్థలు గాని చెల్లించే అత్యధిక రేటును ఈ ఫీజు మించకూడదు. మించిందంటే ఫీజు పట్టిక పాతదై ఉండాలి, లేదా నిపుణులు దొరకని జిల్లాలో మినహాయింపు ఇచ్చి ఆ కారణాన్ని కాగితం మీద పెట్టి ఉండరు. రెండోదాన్ని కఠినంగా చూడవద్దని నా మనవి, ఎందుకంటే మారుమూల ప్రాంతంలో వైద్యుడు దొరక్కపోతే నష్టపోయేది దరఖాస్తుదారే. అయితే కారణం ఫైల్లో ఉండి తీరాలి. నమూనా బిల్లుల్లో ప్రతిదానికీ పరీక్ష ఉత్తర్వు, నివేదిక అందిన తేదీ, చెల్లించిన రేటు మూడూ సరిపోల్చండి. అవి వైద్య వివరాలున్న ఫైళ్లు కాబట్టి ఆడిట్ కాగితాల్లో కేసు గుర్తింపు తప్ప పేరు, జబ్బు రాసుకోవద్దు.

సమస్య: ఏళ్లనాటి చెల్లించని బాకీలు ఫారంలో అలాగే ఉన్నాయి

బాకీ అంటే ఇక్కడ ఉత్తర్వు ఇచ్చి, డబ్బు ఇంకా చెల్లించని ఖర్చు. పరీక్ష రద్దయినా దాని ఉత్తర్వు రద్దు చేయకపోవడమే సాధారణ కారణం. నెలనెలా జాబితా చూసి, ఆధారం లేనివాటిని తీసేయిస్తే చాలు.

సమస్య: కంప్యూటర్ జాబితాలో ఉంది, గదిలో లేదు

రాష్ట్రం కొన్న పరికరాలను నిర్ణీత కాలానికోసారి భౌతికంగా లెక్కించాలి. కొత్తవి వచ్చాక పాతవాటిని మాతృశాఖలోని మరో కార్యాలయానికి మార్చి, జాబితా సరిచేయడం మరచిపోతారు. పరికరం దొరికినా, ఎస్ఎస్ఏ డబ్బుతో కొన్నది ఇతర పనికి వాడుతున్నారా అన్నది తప్పక అడగాలి.

సమస్య: సరిచేశామన్న లోపం మరుసటి ఆడిట్‌లో మళ్లీ వచ్చింది

ఏటా జరిగే సింగిల్ ఆడిట్‌లోనూ (రాష్ట్రానికి అందిన ఫెడరల్ డబ్బును కలిపి చూసే తనిఖీ), ఎస్ఎస్ఏ ఇన్‌స్పెక్టర్ జనరల్ (ఆ సంస్థ ఖర్చులను తనిఖీ చేసే అధికారి) తనిఖీలోనూ బయటపడిన లోపాలకు రాష్ట్రం సవరణ ప్రణాళిక ఇస్తుంది. డబ్బు వాపసు ఇచ్చి, తప్పు పుట్టిన చోటును అలాగే వదిలేసినప్పుడు అదే లోపం తిరిగి వస్తుంది. కాబట్టి ప్రణాళికలో "సిబ్బందికి సూచనలిచ్చాం" అన్న వాక్యాన్ని అంగీకరించవద్దు. ఏ అంచెలో ఏ తనిఖీ పెట్టారు, దాన్ని ఎవరు చేస్తారు, ఏ తేదీ నుంచి అమల్లో ఉంది అని రాయించుకోండి. ఆ తేదీ తరువాతి మూడు నెలల లావాదేవీల నుంచి కొన్నింటిని తీసి మళ్లీ పరీక్షించండి. మామూలుగా రికార్డులు 3 సంవత్సరాలు ఉంచితే సరిపోతుంది గాని, ఈలోగా ఆడిట్ మొదలైతే అది తేలేదాకా ఉంచాలి. కాబట్టి ఆడిట్ మొదలైన రోజే కాగితాలను చించవద్దని రాతపూర్వకంగా తెలియజేయండి.