దేవుని చిత్తంలో జీవిత లక్ష్యాలు పెట్టుకోవడం ఎలా?

మనలో చాలామంది ఏం కావాలో ముందే తేల్చేసుకుంటాం. ఉద్యోగం, ఇల్లు, పెళ్లి, ఏదైనా సరే. ఆ తర్వాత మోకాళ్లూని, ఆ కాగితం మీద దేవుడి చేత సంతకం పెట్టించుకోవాలని చూస్తాం. సంతకం పడకపోతే ప్రార్థనకు జవాబు రాలేదని బాధపడతాం. నా ఉద్దేశంలో చిక్కంతా ఈ వరసలోనే ఉంది. ముందు అడగాలి, తర్వాత రాయాలి.

అసలు లక్ష్యాలు పెట్టుకోవడమే అవిశ్వాసం అనేవాళ్లూ ఉన్నారు. "అంతా ఆయనే చూసుకుంటాడు, మనమెవరం ప్లాన్లు వేయడానికి?" అంటారు. కానీ గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని అడిగింది యేసే (లూకా 14:28). ఆ మాట శిష్యత్వం గురించి చెప్పిందే అయినా, లెక్క చూసుకోవడాన్ని ఆయన ఎక్కడా తప్పు పట్టలేదు.

1. మనసు ఎక్కడ కలుక్కుమంటోందో గమనించండి

బైబిల్లోని నెహెమ్యా పాస్టరూ కాదు, ప్రవక్తా కాదు. షూషను కోటలో పారసీక రాజుకు గిన్నె అందించే యూదు ఉద్యోగి. తన పూర్వీకుల నగరమైన యెరూషలేము గోడ కూలిపోయి ఉందన్న కబురు యూదుల లెక్కలో కిస్లేవు నెలలో విన్నాడు. కూర్చుని ఏడ్చాడు, ఉపవాసం ఉన్నాడు. రాజు ముందు నోరు విప్పింది నీసాను నెలలో. అంటే దాదాపు నాలుగు నెలలు ఆ భారాన్ని దేవుడి ముందే మోశాడు. మనమైతే నాలుగు రోజులు ఆగలేం.

నాలుగు నెలలు కాకపోయినా రెండు వారాలు తీసుకోండి. ఒక నోట్‌బుక్ పెట్టుకుని, రోజూ రాత్రి పడుకునే ముందు మూడు సంగతులు రాయండి. ఈరోజు ఏది చూస్తే మనసు ఊరుకోలేదు? ఏ పనిలో ఉంటే టైమ్ తెలియలేదు? వాక్యం చదువుతుంటే ఏ మాట తగిలింది? అప్పటికి లక్ష్యం అనే మాటే వద్దు. రెండు వారాలయ్యాక మొదటి పేజీ నుంచి చదివితే ఒకటో రెండో విషయాలు పదే పదే కనబడతాయి. పని అక్కడి నుంచి మొదలవుతుంది.

2. కోరికను నిలదీయండి

"ఇది జరిగితే నేను కాకుండా ఇంకెవరు బాగుపడతారు?" అని అడగండి. "ఎవరికీ చెప్పుకునే వీల్లేకపోయినా ఇది చేస్తానా?" అని కూడా అడగండి. రెండోది కాస్త గుచ్చుకుంటుంది.

సొంత ఇల్లు కావాలనుకోవడం పాపం కాదు. దాన్ని దాచిపెట్టి, రాసుకున్న మాట చివర "దేవుని మహిమ కోసం" అని తగిలించడమే ఇబ్బంది. ఆ ముక్క చేర్చినంత మాత్రాన కోరిక పవిత్రమైపోదు. ఇల్లు కావాలంటే ఇల్లు కావాలనే చెప్పండి, ఆయనకు తెలియంది కాదు.

3. ఉన్నది ఉన్నట్టు చూడండి

నెహెమ్యా కథలో నాకు బాగా నచ్చే ఘట్టం ఇది. యెరూషలేము చేరాక మూడు రోజులు ఆగి, రాత్రిపూట కొద్దిమందితో బయల్దేరాడు. దేవుడు తన మనసులో పెట్టిన సంగతి ఎవరికీ చెప్పలేదు. గోడ ఎక్కడెక్కడ పడిపోయిందో చూసుకుంటూ వెళ్లాడు. రాజు కోనేటి దగ్గర శిథిలాల వల్ల, తాను ఎక్కిన పశువు ముందుకు వెళ్లడానికి దారే లేకపోయింది. గోడ కడదాం రండని జనానికి చెప్పింది ఇదంతా కళ్లారా చూశాకే.

అంతకుముందు రాజు "నీకేం కావాలి?" అన్నప్పుడు కూడా అతను తడుముకోలేదు. మనసులో ప్రార్థించి, ఎంతకాలం పడుతుందో చెప్పాడు, దారిలో అధికారులకు చూపించడానికి ఉత్తరాలు అడిగాడు, కలప కోసం అడవి కాపరి ఆసాపు పేరు చెప్పి మరీ అడిగాడు. చూడబోతే ఆ నాలుగు నెలలూ ప్రార్థనతో పాటు లెక్కలు కూడా నడిచినట్టున్నాయి.

మీరూ ఒక మామూలు వారాన్ని కాగితం మీద పెట్టండి. వారానికి ఉన్నది 168 గంటలు. నిద్ర, పని, ఇల్లు, ఫోన్ ఎన్నెన్ని తింటున్నాయో నిజాయితీగా రాయండి. అప్పులు, ఆరోగ్యం, మీ మీద ఆధారపడ్డవాళ్లు, అన్నీ రాయాలి. చదువుతుంటే టెన్షన్ వస్తుంది, రానివ్వండి.

4. రేపు పొద్దున చేయగలిగేంత చిన్నగా రాయండి

ఒక జనవరిలో నేను పద్నాలుగు లక్ష్యాలు రాసుకున్నాను. ఫిబ్రవరి దాటేసరికి ఆ నోట్‌బుక్ ఎక్కడుందో కూడా తెలియదు. వాటిలో మొదటిది "ప్రార్థనాపరుడిని కావాలి". ఇది మంచి ఆశే, కానీ పొద్దున లేవగానే ఏం చేయాలో చెప్పదు.

దాన్నే ఇలా రాసి చూడండి: "ఫోన్ ముట్టుకోకముందు మార్కు సువార్త ఒక అధ్యాయం చదివి, అందులో ఒక్క మాట పట్టుకుని ప్రార్థిస్తాను." మార్కులో ఉన్నవి 16 అధ్యాయాలు. మధ్యలో నాలుగైదు రోజులు తప్పినా మూడు వారాల్లో పూర్తవుతుంది. "నాన్నతో సంబంధం బాగుచేసుకోవాలి" అనేది కూడా అంతే, "ఆదివారం సాయంత్రం నాన్నకు ఫోన్ చేస్తాను, వాదన మొదలైతే నేను తగ్గుతాను" అని రాస్తే అడుగు పడుతుంది. ఒక విడతకు రెండు లక్ష్యాలు చాలు, మూడైతే మరీ ఎక్కువ.

5. ఒకరికి చెప్పండి, కొన్నిటికి కాదనండి

అందరికీ చాటక్కర్లేదు. మీ మొహం మీదే నిజం చెప్పగలిగే ఒక్క విశ్వాసి చాలు. పెళ్లయినవాళ్లు భార్యకో భర్తకో చెప్పకుండా ఏ లక్ష్యమూ పెట్టుకోకండి, దాని బరువు మోసేది వాళ్లు కూడా.

పని మొదలయ్యాక పిలుపులు వస్తాయి. శత్రువులు మాట్లాడుకుందాం రమ్మని నాలుగుసార్లు కబురు పంపితే నెహెమ్యా నాలుగుసార్లూ ఒకే జవాబిచ్చాడు: పెద్ద పనిలో ఉన్నాను, రాలేను. గోడ 52 రోజుల్లో పూర్తయింది. మనకు వచ్చే పిలుపులు చాలావరకు శత్రువుల నుంచి కావు, సంఘంలోని మంచి కార్యక్రమాల నుంచే వస్తాయి. కాదనడం అందుకే కష్టం.

6. నెలకోసారి తెరిచి చూడండి

"ప్రభువు చిత్తమైతే" అనమని యాకోబు తన పత్రికలో రాశాడు (4:15). మనం దాన్ని ఊతపదం చేసుకున్నాం. పౌలు రోమీయులకు రాసిన పత్రికలో, మీ మీదుగా స్పెయిన్‌కు వెళ్తానని తన ప్లాన్ చెప్పాడు. రోమాకు చేరాడు, కానీ ఖైదీగా. అద్దె ఇంట్లో రెండేళ్లు కాపలాలో ఉండి, వచ్చినవాళ్లందరికీ బోధించాడు. స్పెయిన్‌కు చేరాడో లేదో బైబిల్ చెప్పదు.

నెలాఖరున ఒక అరగంట నోట్‌బుక్ ముందు కూర్చోండి. బద్ధకం వల్ల ఆగిన లక్ష్యం ఎదురుగా ఆ మాటే రాసి, ఒప్పుకుని, మళ్లీ మొదలుపెట్టండి. తలుపు మూసుకుపోవడం వల్ల ఆగినదైతే కొట్టేయకండి. పక్కన తేదీ వేసి, ఆ నెలలో మీరు అనుకోకుండా చేయాల్సి వచ్చిన పనేమిటో దాని కిందే రాసి పెట్టుకోండి.