విత్తన బంగాళాదుంపలు – 3వ పాఠం: మొలక కట్టించడం, కోయడం

పోయిన పాఠంలో దుంపలను ఏరి 2 నుంచి 4 డిగ్రీల చలిలో దాచాం. ఇప్పుడు వాటిని బయటికి తీయాలి. తీసిన రోజే నాటేయాలనిపిస్తుంది, ఆగండి. చలిలోంచి రాగానే దుంపకు చెమ్మ పడుతుంది. ఆ తడితో బస్తాలోనే ఉంచితే కుళ్ళు పట్టేస్తుంది. నీడలో, గాలి ఆడేచోట పరిచి ఆరనివ్వండి. మెత్తబడినవి, వాసన వేసేవి అప్పుడే ఏరి పారేయండి.

ఒక దుంపను చేతిలోకి తీసుకుని చూడండి. ఒక కొనలో మొక్క నుంచి ఊడిన చిన్న మచ్చ ఉంటుంది. ఎదుటి కొనలో కళ్ళు, అంటే మొలకలు వచ్చే చిన్న గుంటలు, గుంపుగా ఉంటాయి. ముందు మేలుకునేది ఆ గుంపే. ఆ కొన పైకి వచ్చేలా ట్రేలో ఒకే వరుసలో పేర్చండి. నేరుగా ఎండ తగలకూడదు, అలాగని చీకటీ పనికిరాదు. 10 నుంచి 15 డిగ్రీల దగ్గర కొన్ని వారాల్లో పొట్టిగా, లావుగా, ఆకుపచ్చ లేక ఊదా రంగు మొలకలు వస్తాయి. ఒక సెంటీమీటరు పొడవుంటే చాలు.

నా మొదటి ట్రేని మంచం కింద పెట్టి మర్చిపోయాను. తీసి చూస్తే తెల్లగా దారాల్లా సాగిన మొలకలు, ఒకదానికొకటి చిక్కుపడి! విడదీస్తుంటే సగం విరిగాయి. వెలుతురు చాలకపోతే అంతే. వెలుతురుకి దుంప పచ్చబడితే మాత్రం టెన్షన్ వద్దు. కూరకు పనికిరాదు గానీ నాటడానికి భేషుగ్గా ఉంటుంది.

ఇక కోత. కోడిగుడ్డంత దుంపను కోయకండి, అలాగే నాటండి. పెద్దవాటిని మాత్రం కళ్ళ గుంపు నుంచి మచ్చ వైపుకు నిలువుగా కోయండి, అప్పుడే చురుకైన కళ్ళు రెండు ముక్కలకూ వస్తాయి. ముక్క 40 గ్రాములకు తగ్గకుండా, కనీసం రెండు కళ్ళతో ఉండాలి. కోసినచోట గోధుమరంగు వలయం కనిపించి, నొక్కితే జిగురులాంటి చీము ఊరితే అది వాడు తెగులు, అంటే మొక్కను వాడిపోయేలా చేసే బాక్టీరియా జబ్బు. ఆ దుంపను ఎరువు గుంతలో కూడా వేయకండి. కత్తిని వెంటనే స్పిరిట్‌తో తుడవండి. నిజానికి ప్రతి దుంపకూ తుడవాలి, విసుగే అయినా.

కోసిన ముక్కలను రెండు మూడు రోజులు నీడలో, కాస్త తేమగా ఉన్నచోట పరిస్తే కోత మీద బెరడులాంటి పొర కడుతుంది. ఎండలో పెడితే ముక్క వడిలిపోతుంది తప్ప గాయం మానదు. నేల తడిగా, వెచ్చగా ఉంటే నేనైతే అసలు కోయను, చిన్న దుంపలే వెతుక్కుంటాను.

ఈలోగా ఒక పని చేయండి. ఒకే రకం దుంపలు నాలుగు తీసుకుని, రెండు కిటికీ దగ్గర, రెండు అల్మరాలో పెట్టండి. సాళ్ళు తీయడం గురించి చెప్పే 4వ పాఠానికి ఆ నాలుగూ పక్కన పెట్టుకుని కూర్చోండి.