నెలల తరబడి సముద్ర ప్రయాణానికి కయాక్ ఎంచుకోవడం ఎలా?

కయాక్ అంటే లోపల కూర్చుని తెడ్డుతో నడిపే, పైభాగం మూసి ఉన్న సన్నటి పడవ. షాపువాళ్లు చెరువులోకి దించి ఎక్కించి చూపించే కయాక్ ఖాళీగా ఉంటుంది. ప్రయాణంలో మాత్రం అది ఒక్కరోజు కూడా ఖాళీగా ఉండదు. మంచినీళ్లు, తిండి, టెంటు, స్టవ్, బట్టలు, మందులు అన్నీ కలిపి యాభై అరవై కిలోలు ఎక్కాక పడవ తీరే మారిపోతుంది. ఖాళీ లారీ గతుకుల్లో ఎగిరెగిరి పడుతుంది, లోడు పడగానే కుదురుకుంటుంది. కయాక్ కూడా అంతే. అందుకే బరువు లెక్క తేలాకే బ్రాండ్ సంగతి చూడాలి.

ముందు దారి తేల్చుకోండి

సముద్రంలో సుదీర్ఘ యాత్ర అనే మాటలో రెండు వేర్వేరు పనులున్నాయి. ఒకటి, తీరం వెంబడి రోజూ కొంత దూరం వెళ్లి సాయంత్రం ఒడ్డెక్కి పడుకోవడం. రెండోది, నేల కనపడని చోట వారాల తరబడి పడవలోనే తిని, పడవలోనే నిద్రపోవడం. ఒకదానికి కొన్న కయాక్ రెండోదానికి సరిపోదు.

1987లో ఎడ్ గిలెట్ అనే అమెరికన్ షాపులో దొరికే ఇద్దరి కయాక్‌లో ఒంటరిగా కాలిఫోర్నియా నుంచి హవాయి దాకా రెండు నెలలకు పైగా తెడ్డు వేసి వెళ్లాడు. అది మనం ధైర్యం తెచ్చుకోవాల్సిన ఉదాహరణ కాదు. పోలండ్‌కు చెందిన అలెగ్జాండర్ డోబా అట్లాంటిక్‌ను మూడుసార్లు దాటాడు, చివరిసారి 2017లో, 70 ఏళ్ల వయసులో. ఆయన పడవ నిద్రపోవడానికి చిన్న క్యాబిన్‌తో ప్రత్యేకంగా కట్టించుకున్నది, దాదాపు ఏడు మీటర్లు. ఆస్ట్రేలియాకు, న్యూజిలాండ్‌కు మధ్య ఉన్న టాస్మన్ సముద్రంలో 2007లో ఆండ్రూ మెకాలీ ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఆయనది తీరప్రయాణాల కయాక్‌నే మార్చి, కాక్‌పిట్‌కు, అంటే మనిషి కూర్చునే గుంతకు, గట్టి పైమూత అమర్చిన పడవ. 2008 జనవరిలో ఇద్దరు ఆస్ట్రేలియా కుర్రాళ్లు అదే సముద్రాన్ని దాటింది క్యాబిన్ ఉన్న, ఆ ఒక్క పనికోసమే కట్టించిన కయాక్‌లో. అలాంటివి షాపులో దొరకవు. ఇక్కడ నేను రాసేది తీరం వెంబడి యాత్రకు పనికొచ్చే కయాక్ గురించే.

తీరం వెంబడి అంటే తేలిక అనుకోకండి. ఫ్రేయా హోఫ్‌మైస్టర్ 2009లో ఆస్ట్రేలియా చుట్టూ 332 రోజుల్లో తిరిగి వచ్చింది. పడమటి తీరంలో జైట్‌డార్ప్ కొండచరియల దగ్గర 150 కిలోమీటర్లకు పైగా ఒడ్డెక్కే చోటే ఉండదు, రాత్రంతా తెడ్డు వేయాల్సిందే. కాబట్టి మ్యాపు ముందు పెట్టుకుని రెండు అంకెలు రాసుకోండి: మీ దారిలో ఒడ్డెక్కడానికి వీల్లేని అతి పెద్ద దూరం ఎంత, మంచినీళ్లు దొరకని రోజులు గరిష్ఠంగా ఎన్ని. మిగతా నిర్ణయాలన్నీ వీటినుంచే వస్తాయి.

బరువు లెక్క వేయండి

75 కిలోల మనిషి అనుకుందాం. ఎండ దేశంలో తాగడానికి, వంటకు కలిపి రోజుకు ఐదు లీటర్ల నీళ్లు, ఐదు రోజులకు 25 కిలోలు. ఎండు తిండి పది రోజులకు 9 కిలోలు. టెంటు, పరుపు, స్టవ్, రేడియో, బ్యాటరీలు, రిపేరు సామాను, బట్టలు ఎంత పొదుపుగా సర్దినా 25 కిలోలు. మొత్తం 134.

కంపెనీ రాసే గరిష్ఠ బరువు పడవ ఇబ్బంది పడకుండా నడిచే బరువు కాదు. అందులో ముప్పావు వంతు దాటకుండా చూసుకోమని నేను చెబుతాను. అంటే 134 కిలోలకు కనీసం 180 కిలోల హద్దు ఉన్న పడవ కావాలి. అలాగని అవసరానికి మించి పెద్దది తీసుకున్నా చిక్కే. 55 కిలోల మనిషి పెద్ద పడవలో కూర్చుంటే అది నీళ్లలో సరిగా దిగదు, పైకి తేలిన భాగమంతా గాలికి దొరికిపోతుంది. చాలా మోడళ్లు రెండు మూడు సైజుల్లో వస్తాయి, మీ ఒంటికి తగ్గది అడగండి.

పొడవు, వెడల్పు

ఈ రకం కయాక్‌లు ఎక్కువగా 5 నుంచి 5.5 మీటర్ల పొడవు, 53 నుంచి 60 సెంటీమీటర్ల వెడల్పు ఉంటాయి. పొడవు పెరిగితే వేగం పెరుగుతుందన్నది సగం నిజం. నీటిని తాకే పొడవు 5 మీటర్లు ఉన్న పడవకు లెక్క ప్రకారం గంటకు 10 కిలోమీటర్ల దాకా వేగం ఉంటుంది. కానీ రోజంతా సామానుతో తెడ్డు వేసే మనిషి గంటకు ఐదారు కిలోమీటర్లే వెళ్తాడు. ఆ వేగంలో పడవను వెనక్కి లాగేది ప్రధానంగా నీటి రాపిడి. కాబట్టి ఇంకో అరమీటరు పొడవు కోసం డబ్బులు పోయకండి.

నిలకడ విషయంలోనే చాలామంది పొరపడతారు. వెడల్పు, చదును అడుగు ఉన్న పడవ నిశ్చలమైన నీళ్లలో కదలకుండా కూర్చుంటుంది, కానీ పక్కనుంచి అల వచ్చినప్పుడు అలతోపాటే వాలిపోతుంది. ఇరుకుగా, గుండ్రంగా ఉన్నది ఎక్కగానే ఊగుతుంది, టెన్షన్ పుట్టిస్తుంది. అయితే ఒక కోణం దాకా వాలాక ఆగి నిలబడుతుంది. 1975లో నార్వే ఉత్తర కొసకు వెళ్లిన బ్రిటిష్ బృందం కోసం ఫ్రాంక్ గుడ్‌మన్ గీసిన నార్డ్‌క్యాప్ కయాక్‌కు ఇప్పటికీ ఆ పేరుంది: ఖాళీగా ఉంటే ఊగుతుంది, సామాను నింపితే కుదురుగా పోతుంది. మరీ ఊగుతోందని అయిదు నిమిషాల్లో దిగిపోకండి.

ప్లాస్టిక్కా, ఫైబర్‌గ్లాసా?

ప్లాస్టిక్ చవక, రాళ్లకు భయపడదు. కానీ బరువు, పైగా ఎండలో కట్టిపెడితే తాళ్ల దగ్గర అడుగు సొట్ట పడుతుంది. పగిలితే ఆ ప్లాస్టిక్‌కు జిగురు సరిగా అంటుకోదు. ఫైబర్‌గ్లాస్ పడవ 25 కిలోల చుట్టూ ఉంటుంది, గీతలు పడినా పగిలినా ఫైబర్ గుడ్డ, రెజిన్ (ఆరాక గట్టిపడే జిగురు)తో ఒడ్డునే బాగుచేసుకోవచ్చు. మన తీరంలో దీనికి ఇంకో లాభం ఉంది. భీమిలి నుంచి ఉప్పాడ, మచిలీపట్నం దాకా మత్స్యకారులు వాడేవి ఎక్కువగా ఫైబర్ బోట్లే. రెజిన్ పని తెలిసినవాళ్లు ఆ ఊళ్లలో సులువుగానే దొరుకుతారు. కార్బన్ ఇంకా తేలిక, కానీ రాళ్ల ఒడ్డుకు లోడుతో దిగినప్పుడు గుండె దడ తప్పదు. నేనైతే అడుగున అదనపు పొర వేయించిన ఫైబర్‌గ్లాస్ తీసుకుంటాను.

విమానంలో తీసుకెళ్లాల్సి వస్తే మూడు ముక్కలుగా విడదీసే కయాక్, లేదా మడతపెట్టే కయాక్ ఉన్నాయి. ఆస్కార్ స్పెక్ అనే జర్మన్ 1932లో ఉల్మ్ నుంచి మడత కయాక్‌లో బయల్దేరి, సిలోన్, మద్రాసు, కలకత్తా మీదుగా మన తూర్పు తీరం వెంట కూడా వెళ్లి, 1939లో ఆస్ట్రేలియా చేరాడు. ఒకే పడవతో కాదు, దారిలో కొత్తవి తెప్పించుకుంటూ.

చుక్కానా, స్కెగ్గా?

గాలి పక్కనుంచి వీస్తుంటే కదులుతున్న కయాక్ ముక్కు గాలివైపు తిరుగుతూనే ఉంటుంది. దాన్ని సరిదిద్దుతూ రోజంతా ఒకే చేత్తో బలంగా తెడ్డు వేస్తే మణికట్టు పాడవుతుంది. స్కెగ్ అంటే వెనకవైపు అడుగునుంచి కిందికి దిగే చిన్న రెక్క. ఎంత దించితే పడవ వెనక భాగం అంత గట్టిగా నీళ్లను పట్టుకుంటుంది. చుక్కాని కాళ్లతో తిరుగుతుంది. స్కెగ్ పెట్టె వెనక గదిలో చోటు తింటుంది, ఒడ్డున గులకరాళ్లు ఇరుక్కుంటే కిందికి రాదు. దాని కొసకు చిన్న రంధ్రం చేసి తాడు ముక్క కట్టండి. తోటివాళ్లు నీళ్లలోనే లాగి విడిపిస్తారు.

నెలల ప్రయాణానికి నా ఓటు చుక్కానికే. అయితే పెడల్ రకం చూసుకోవాలి. పాదం మొత్తం ముందుకూ వెనక్కూ జారే పాత రకంలో కాళ్లకు ఆనిక ఉండదు, బోర్లాపడినప్పుడు రోల్ చేసి, అంటే పడవలోంచి దిగకుండానే తెడ్డుతో తిప్పుకుని, లేవడం కష్టం. పెడల్ కదలకుండా ఉండి వేళ్ల కొసలతో మాత్రమే నొక్కే రకం కావాలి. పెడల్‌ను చుక్కానికి కలిపే తీగ తెగితే మార్చడం ఇంట్లోనే నేర్చుకోండి, అదనంగా ఒక తీగ వెంట ఉంచుకోండి.

హ్యాచ్‌లు, లోపలి గోడలు

హ్యాచ్ అంటే సామాను గదికి మూత ఉన్న ద్వారం. యాత్రలను ఎక్కువగా పాడుచేసేది కారే హ్యాచ్. కయాక్ లోపల గదుల మధ్య ఉండే అడ్డుగోడలే పడవను తేల్చి ఉంచుతాయి. కొనేముందు కయాక్‌ను రెండు పాత టైర్ల మీద ఎత్తి పెట్టండి. ఒక్కో గదిలో బకెట్‌తో సగం దాకా నీళ్లు పోసి అరగంట ఆగండి. గోడ అంచుల వెంట కాక్‌పిట్‌వైపు టార్చి వేసి, వేలితో తడిమి చూడండి. చెమ్మ తగిలిందంటే సీలు పోయినట్టే. తర్వాత నీళ్లు తీసేసి మూతలు పెట్టి పైనుంచి పైపుతో గట్టిగా కొట్టండి, లోపల పెట్టిన పాత దినపత్రిక తడిసిందేమో చూడండి. కొన్ని గోడలకు గాలి కోసం సూదిమొన అంత రంధ్రం ఉంటుంది, అది లోపం కాదు.

మీ టెంటు, స్టవ్, పెద్ద డ్రై బ్యాగ్ (నీళ్లు చొరబడని సంచి) షాపుకు తీసుకెళ్లండి. హ్యాచ్‌లో పట్టని టెంటు ఎంత ఖరీదైనదైనా దండగే. చేతికి అందే చిన్న హ్యాచ్ సీటు వెనక తప్పనిసరి, నీళ్లలో ఉండగానే తిండి, మందులు తీసుకోవాలిగా.

కాక్‌పిట్‌లో మూడు గంటలు కూర్చోండి

ఇంట్లోనే, నేల మీదే. తొడలు పైన ఆనాలి, మోకాళ్లు కొద్దిగా వంగాలి, నడుము వెనక్కి వాలకూడదు. గంటన్నరకు కాళ్లు తిమ్మిరెక్కితే సీటు ముందు అంచు కింద ఫోమ్ పెట్టి చూడండి. అప్పటికీ తగ్గకపోతే ఆ పడవ మీకు కాదు.

ఒంటరా, ఇద్దరా?

ఇద్దరి కయాక్ వేగంగా వెళ్తుంది, అలసిన మనిషిని మోసుకొస్తుంది. కానీ ఒడ్డు మీదికి మోయడం నరకం, పైగా ఇద్దరిలో ఒకరు ఇంటికి వెళ్లిపోతానంటే యాత్ర అక్కడితో ఆగినట్టే. గొడవల మాట సరేసరి.

లోడుతో పరీక్ష

మొదటి యాత్రకు కనీసం నెల ముందు, రెండు లీటర్ల నీళ్ల సీసాలతో లెక్క ప్రకారం అంత బరువూ నింపండి. బరువైనవి సీటుకు దగ్గరగా, అడుగున. రెండు కొసల్లో తేలికవి. ముందు బరువెక్కితే వెనకనుంచి వచ్చే అలలో పడవ అడ్డం తిరుగుతుంది. సీసాలతో ఇంకో సౌకర్యం: అయిపోయాక నీళ్లు పారబోసి తేలిగ్గా తిరిగి రావచ్చు.

ఒడ్డుకు దగ్గరలో, తోడు మనిషిని పెట్టుకుని కావాలనే బోర్లా వేయండి. బయటికి వచ్చి, మళ్లీ ఎక్కి, పంపుతో నీళ్లు తోడండి. లోడుతో రోల్ మొదట బరువుగా మొదలై, సగం దాటాక మెల్లగా తనంతట తానే పూర్తవుతుంది. తర్వాత గాలి ఉన్న రోజున మూడు గంటలు అడ్డంగాలిలో నడిపి చూడండి. అమ్మేవాళ్లు దీనికి ఒప్పుకోకపోతే అదే మోడల్‌ను ఎక్కడైనా అద్దెకు తీసుకోండి. కొత్త ఫైబర్‌గ్లాస్ కయాక్ కోసం ఆర్డరిచ్చాక నెలలు ఆగాల్సి రావచ్చు, ఈ పని ఆ లోపు చేసుకోవచ్చు.

పాతది కొంటున్నట్టయితే సీటు బిగించిన చోట, స్కెగ్ పెట్టె చుట్టూ పగుళ్లు చూడండి, రబ్బరు మూతలు వంచి చూడండి. ఎండకు పెళుసెక్కినవి అక్కడే చీలుతాయి. రెండు అదనపు మూతలు కొన్న రోజే తీసుకోండి, మోడల్ ఆగిపోయాక అవి ఎక్కడా దొరకవు.