మాగ్నమ్ రివాల్వర్‌లో తక్కువ కుదుపు తూటాలు: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

ముందు చట్టం సంగతి చెప్పేస్తా. ఇది అమెరికాలో చట్టప్రకారం తుపాకీ ఉండి, రీలోడింగ్ (కాల్చాక మిగిలిన కేసుల్ని మళ్ళీ నింపి తూటాలు చేయడం) చేసుకునే మనవాళ్ళ కోసం. సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి అక్కడ ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. కానీ హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు ఏదో ఒకటి లేకుండా తుపాకీ గానీ, ఒక్క తూటా గానీ దగ్గర పెట్టుకోవడమే నేరం. ఇండియాలోనైతే 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటా తయారు చేయకూడదు, కాబట్టి అక్కడ ఈ పని ఊసే వద్దు.

.357 మాగ్నమ్ అనే రివాల్వర్ తూటానే ఉదాహరణగా తీసుకుంటున్నా. 1935లో .38 స్పెషల్ అనే పాత తూటా కేస్‌ని (పౌడర్ ఉండే ఇత్తడి గొట్టం) 1.155 అంగుళాల నుంచి 1.290 అంగుళాలకి పొడిగించి దీన్ని తెచ్చారు, పాత .38 రివాల్వర్లలో దూరకూడదని. దీని ఒత్తిడి పరిమితి 35,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), .38 స్పెషల్‌ది 17,000. మనం కావాలనుకునేది సీసం బుల్లెట్ సెకనుకి 750 అడుగుల వేగంతో నెమ్మదిగా వెళ్ళి కాగితం మీద చిల్లు పెట్టడం, మణికట్టు నొప్పి లేకుండా సాయంత్రమంతా కాల్చుకోగలగడం. దానికి పట్టే పౌడర్, అంటే తూటా మందు, పావు గ్రాము అటూ ఇటూ. అంత పెద్ద కేస్‌లో అది అడుగున ఎక్కడో పడి ఉంటుంది. కింద చెప్పే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం అదే: ఖాళీ ఎక్కువ, ఒత్తిడి తక్కువ. పౌడర్ తూకాలు ఇక్కడ ఇవ్వను, అవి పౌడర్ కంపెనీ మాన్యువల్ చూసి మాత్రమే తీసుకోవాలి.

"ఢాం" అనాల్సింది "టప్" అంది, కుదుపు లేదు

వెంటనే ఆపండి. రెండోసారి ట్రిగ్గర్ నొక్కొద్దు. బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు, దాని వెనక ఇంకోటి వెళ్తే బ్యారెల్ ఉబ్బుతుంది లేదా పగులుతుంది. తక్కువ కుదుపు తూటాలతో ఉన్న చిక్కే ఇది, మామూలుగానే చప్పుడు తక్కువ కాబట్టి తేడా చెవికి సరిగ్గా అందదు. తుపాకీని టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగండి, తర్వాత సిలిండర్ (తూటాల గదులుండే తిరిగే భాగం) ఖాళీ చేసి బ్యారెల్‌లోకి ఇత్తడి రాడ్ పెట్టి చూడండి. బుల్లెట్ సగం సిలిండర్‌లో సగం బ్యారెల్‌లో ఇరుక్కుంటే సిలిండర్ తెరుచుకోదు, అప్పుడు మిగతా గదుల్లో తూటాలు ఉండగానే బలవంతం చేయొద్దు, రేంజ్ ఆఫీసర్‌ని పిలవండి.

కారణాలు మూడు. కేస్‌లో పౌడర్ పడకపోవడం మొదటిది. రెండోది తక్కువ వేగానికి రాగి తొడుగు ఉన్న బుల్లెట్ వాడటం, అది బ్యారెల్‌లో గట్టిగా రాసుకుంటుంది కాబట్టి నెమ్మది లోడ్‌లకి (తక్కువ వేగానికి నింపిన తూటాలకి) సీసం బుల్లెట్లే వాడండి. మూడోది అన్నిటికన్నా ప్రమాదం: హెచ్110 లాంటి నిదానంగా మండే మాగ్నమ్ పౌడర్‌ని తగ్గించి పోయడం. దాన్ని సుమారు 3 శాతానికి మించి తగ్గించొద్దని కంపెనీయే చెబుతుంది, తగ్గిస్తే సరిగ్గా అంటుకోదు. కుదుపు తగ్గాలంటే మాగ్నమ్ పౌడర్‌ని కోయడం కాదు, పౌడర్‌నే మార్చాలి. హెచ్‌పీ-38, టైట్‌గ్రూప్, బుల్స్‌ఐ లాంటి వేగంగా మండేవి ఈ పనికి కుదురుతాయి. అలాగని మాన్యువల్‌లో ఇచ్చిన కనిష్ఠం కన్నా కిందకి ఏ పౌడర్‌తోనూ వెళ్ళొద్దు.

ఈ పౌడర్లతో ఇంకో భయం ఉంది. కేస్‌లో రెండుసార్లు పడినా పొంగిపోదు, మూడుసార్లు పడినా పట్టొచ్చు, తుపాకీ మాత్రం మిగలదు. అందుకే పౌడర్ పోసిన కేసులన్నిటినీ లోడింగ్ బ్లాక్‌లో నిలబెట్టి, బుల్లెట్ పెట్టే ముందు టార్చ్ వేసి వరసగా ఒక్కోదాని లోపలికి చూడండి. మట్టం ఎక్కువో తక్కువో ఉన్నది ఇట్టే కనబడుతుంది. అనుమానం వచ్చిన కేస్‌ని ఒంపేసి మళ్ళీ తూచండి. ఫోన్ వస్తే, ఎవరైనా పిలిస్తే ఆ వరస మొత్తం మళ్ళీ చూడాల్సిందే, ఈ ఒక్క విషయంలో బద్ధకం పనికిరాదు.

ఒక్కో తూటా ఒక్కోలా పేలుతోంది

తూకం సరిగ్గానే ఉన్నా ఇది జరుగుతుంది. పౌడర్ ప్రైమర్ (కేస్ అడుగున ఉండి పౌడర్‌ని అంటించే చిన్న ముక్క) దగ్గర ఉంటే ఒక వేగం, బుల్లెట్ వైపు జారి ఉంటే ఇంకో వేగం. క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) ఉంటే పరీక్షించడం తేలిక: తుపాకీ మొనని కిందకి వంచి నెమ్మదిగా పైకి తెచ్చి కాల్చండి, తర్వాత రేంజ్ నియమాలు ఒప్పుకుంటే పైకెత్తి నెమ్మదిగా దించి కాల్చండి. రెండు వేగాల మధ్య తేడా బాగా ఉంటే పౌడర్ మార్చండి, లేదా .357 కేస్ బదులు పొట్టిగా ఉండే .38 స్పెషల్ కేస్‌లో .38 లోడ్ నింపండి. క్రింప్ (బుల్లెట్ కదలకుండా కేస్ అంచుని లోపలికి నొక్కడం) వదులుగా ఉన్నా వేగం ఎగుడుదిగుడు అవుతుంది.

కేసులకి బయట మసి

ఒత్తిడి చాలక కేస్ గోడ గదికి అతుక్కోలేదు, పొగ పక్కల నుంచి వెనక్కి వచ్చింది. ప్రమాదమేం లేదు. క్రింప్ కాస్త బిగించండి, మాన్యువల్ పరిధిలో పౌడర్ కొద్దిగా పెంచండి, లేదంటే తుడుచుకుని వాడుకోండి.

సిలిండర్ తిరగనంటోంది

మొదట ఎక్స్‌ట్రాక్టర్ స్టార్ (ఖాళీ కేసుల్ని బయటికి తోసే నక్షత్రం ఆకారపు ముక్క) కింద చూడండి. కాలని పౌడర్ పలుకులు నాలుగు అక్కడ చేరితే చాలు, సిలిండర్ బిగుసుకుపోతుంది. పాత టూత్‌బ్రష్‌తో దులపండి, ఖాళీ కేసులు తీసేటప్పుడు మొన పైకి పెట్టి తోయండి, అప్పుడు పలుకులు కింద పడతాయి.

అక్కడ శుభ్రంగా ఉంటే ప్రైమర్ చూడండి. కాల్చకముందే కేస్ అడుగు మట్టం కన్నా పైకి ఉంటే సరిగ్గా కూర్చోలేదని అర్థం, వేలితో తడిమితే తెలిసిపోతుంది. మొదటి దెబ్బకి పేలక రెండో దెబ్బకి పేలేవి కూడా చాలావరకు ఇవే. కాల్చాక బయటికి పొడుచుకొస్తే మాత్రం కథ వేరు. చాలామంది దాన్ని ఒత్తిడి ఎక్కువైన గుర్తు అనుకుని పౌడర్ ఇంకా తగ్గిస్తారు, దాంతో ఇంకా పొడుచుకొస్తుంది. అసలు సంగతేంటంటే పేలినప్పుడు ప్రైమర్ ముందు వెనక్కి వస్తుంది, తర్వాత ఒత్తిడికి కేస్ కూడా వెనక్కి వచ్చి దాన్ని మళ్ళీ లోపలికి కూర్చోబెడుతుంది. ఒత్తిడి మరీ తక్కువైతే ఆ రెండో పని జరగదు. మందు తక్కువైన లోడ్‌కి గుర్తు ఇది, మాన్యువల్ కనిష్ఠానికి తిరిగి రండి.

బ్యారెల్‌లో సీసం పేరుకుపోతోంది

గట్టి బుల్లెట్ కొంటే సీసం అంటుకోదని అందరూ అనుకుంటారు. నెమ్మది లోడ్‌లలో తరచూ ఉల్టా అవుతుంది. గట్టి సీసం తక్కువ ఒత్తిడికి వెడల్పు కాదు, పక్కల నుంచి వేడి గ్యాస్ దూసుకెళ్ళి సీసాన్ని కోస్తుంది. కొంచెం మెత్తటి మిశ్రమం, .358 అంగుళాల సైజు ముందు ప్రయత్నించండి. అయినా తగ్గకపోతే సిలిండర్ గదుల మూతి కొలవండి: అది బ్యారెల్ లోపలి గాడుల కొలత కన్నా సన్నంగా ఉంటే ఎంత లావు బుల్లెట్ పెట్టినా అక్కడే చిక్కిపోయి బ్యారెల్‌లో వదులవుతుంది. దానికి తుపాకీ మెకానిక్ దగ్గర మూతి సాపు చేయించడమే మందు. పేరుకున్న సీసం తీయడానికి పాత కంచు బ్రష్‌కి రాగి పీచు చుట్టి తోమండి, స్టీలు పీచు వద్దు. తర్వాత చేతులు సబ్బుతో కడిగే దాకా ఏమీ తినకండి, పిల్లల్ని ముట్టుకోకండి.

.38లు కాల్చాక .357 తూటా గదిలోకి పూర్తిగా దిగట్లేదు

పొట్టి కేస్ ఆగిన చోట మసి, సీసం కలిసి ఉంగరంలా కట్టింది. తోసి కూర్చోబెట్టకండి, ఆ ఉంగరం కేస్ మూతిని పట్టేస్తే ఒత్తిడి పెరగొచ్చు. సాల్వెంట్ పోసి పది నిమిషాలు నాననిచ్చి, గదికి సరిపడే కంచు బ్రష్‌ని తిప్పుతూ తీయండి. ఇది మాటిమాటికీ వస్తుంటే నెమ్మది లోడ్‌లు కూడా .357 కేసుల్లోనే నింపుకోండి, పెట్టె మీద పౌడర్ పేరు, తూకం, బుల్లెట్ బరువు, తేదీ రాయండి. ఎందుకంటే పైనుంచి చూస్తే ఆ తూటాకీ ఫుల్ మాగ్నమ్ తూటాకీ తేడా కనబడదు.