ఇంటి మార్పులకు, ప్రహరీ గోడకు పర్మిషన్: వరంగల్‌లో ఎప్పుడు కావాలి, ఎలా తీసుకోవాలి

రంగులు, ప్లాస్టరింగ్, కొత్త టైల్స్, ఫాల్స్ సీలింగ్, లోపల ప్లైవుడ్ పార్టిషన్, గదిలోంచి గదిలోకి తలుపు, కిటికీ పెట్టడం లేదా మూయడం, పాత పెంకులు తీసి అదే ఎత్తులో రేకులు వేయడం. వీటికి ఎవరినీ అడగాల్సిన పని లేదు. జాతీయ భవన నియమావళిలోనూ ఇవి అనుమతి అక్కరలేని పనులే. నాలుగు లక్షలు పెట్టి ఇంటి లోపలంతా ఇలా మార్చినా మున్సిపల్ ఆఫీసు పట్టించుకోదు. అదే ముప్పై వేలతో పక్క సందులో రేకుల షెడ్డు వేస్తే నోటీసు రావచ్చు.

స్లాబు బరువు మోసే గోడ కొట్టినా, ఇల్లు ముందుకో పక్కకో పైకో పెరిగినా, ముందుగదిని మడిగె చేసి షట్టర్ పెట్టినా అనుమతి కావాల్సిందే. మడిగె విషయంలో చాలామంది ‘గోడలేం ముట్టుకోలేదు కదా’ అంటారు. కానీ నివాసం వ్యాపారమైతే ఇంటి వాడకమే మారినట్టు. డాబా మీద పెంట్‌హౌస్, నాలుగు వైపులా మూసేసిన రేకుల గది కూడా అదనపు అంతస్తు కిందికే వస్తాయి.

గొడవలు ఎక్కువగా సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) దగ్గర వస్తాయి. 30×60 అడుగుల ప్లాటునే తీసుకోండి. అది 200 గజాలు, అంటే దాదాపు 167 చదరపు మీటర్లు. 2012 నాటి భవన నిబంధనల జీవో 168 ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల ప్లాటులో 10 మీటర్ల ఎత్తు వరకు కట్టే ఇంటికి ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున ఖాళీ వదలాలి. అంటే 30 అడుగుల వెడల్పులో ఇంటికి మిగిలేది సుమారు 23 అడుగుల 5 అంగుళాలు. ఆ మీటరు సందులో బయటి మెట్లు దించడం, బాత్రూం కట్టడం, పైన స్లాబు కలిపేయడం: తనిఖీలో ముందు కంటపడేవి ఇవే. కొలత పిల్లర్ నుంచి కాదు, గోడ బయటి అంచు నుంచి తీస్తారు. మేస్త్రీ ముగ్గు పోసే రోజున టేపు పట్టుకుని దగ్గర నిలబడటం మంచిది. పిల్లర్లు లేచాక సందును వెడల్పు చేయడం ఎవరి తరమూ కాదు.

ప్రహరీ, కంచె

ప్రహరీ కూడా చట్టం లెక్కలో నిర్మాణమే. ఇంటి ప్లానులోనే గీయించుకుంటే దానికి వేరే దరఖాస్తు ఉండదు. ఖాళీ ప్లాటు చుట్టూ ఇటుక గోడ కట్టాలంటే మాత్రం ముందు టౌన్‌ప్లానింగ్ విభాగంలో అడగండి. మీ హద్దు లోపల కడీలు పాతి ముళ్లతీగ లాగినా, మొక్కలతో కంచె పెంచినా మామూలుగా ఎవరూ అడ్డు చెప్పరు.

ఎత్తుకు జాతీయ నియమావళి చెప్పే కొలత ఇది: ముందు రోడ్డు మధ్య మట్టం నుంచి 1.5 మీటర్లు. పైన 0.9 మీటర్ల భాగం జాలీతోనో గ్రిల్‌తోనో అవతలికి కనిపించేలా ఉంటే 2.4 మీటర్ల దాకా లేపవచ్చు. మూల మలుపు ప్లాటుకైతే రోడ్లు కలిసేచోట రెండు వైపులా 10 మీటర్ల మేర గోడ 0.75 మీటర్లు దాటకూడదు, మలుపు తిరిగే బండికి ఎదురు కనబడాలి కదా.

గోడ ఏ గీత మీద లేస్తుందన్నదే అసలు ముఖ్యం. మీ ముందు రోడ్డు 20 అడుగులే ఉండి, దాన్ని 30 అడుగులకు పెంచాల్సి ఉంటే రోడ్డు మధ్య నుంచి 15 అడుగులు వదలాలి. ఇప్పుడున్న అంచు నుంచి మీ జాగా 5 అడుగులు పోతుంది. ప్రహరీ అక్కడ లేస్తుంది, సెట్‌బ్యాక్ లెక్క కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. గేటు ముందు ర్యాంపును మోరి మీదికి తెచ్చినా, అరుగు రోడ్డు మీదికి దించినా అది ఆక్రమణే.

పక్కవాళ్లతో హద్దు తేలకపోతే గోడకు పర్మిషన్ ఉన్నా లాభం లేదు, అనుమతి కాగితం యాజమాన్యాన్ని తేల్చదు. సర్వే నంబరు భూమికైతే మీసేవలో ఎఫ్-లైన్‌కు (హద్దుల కొలతకు) దరఖాస్తు పెట్టి, సర్వేయర్‌తో హద్దురాళ్లు వేయించుకున్నాకే కంచె వేయాలి. పందుల కోసమని కంచెకు నేరుగా లైను కరెంటు పెట్టడం మాత్రం ప్రాణాలు తీసే పని, క్రిమినల్ కేసు తప్పదు.

కోట, గుడి, చెరువు దగ్గర

ఖిలా వరంగల్ కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప కేంద్ర రక్షణలోని కట్టడాలు. వాటి రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషేధం. ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం, అక్కడ అనుమతితోనే కట్టాలి. నిషేధిత భాగంలోని పాత ఇంటికి మరమ్మతు చేయాలన్నా ఆ ఇల్లు 1992 జూన్ 16కు ముందుదో, ఆ తర్వాత పురావస్తు శాఖ ఆమోదంతో కట్టిందో అయి ఉండాలి, దానికీ అనుమతి ఉండాలి. ఈ ఫైలు జాతీయ స్మారకాల ప్రాధికార సంస్థ దాకా వెళ్తుంది. చట్టంలోని గడువులు కలిపితే మూడు నెలలు దాటుతుంది కాబట్టి మున్సిపల్ దరఖాస్తుకు ముందే ఇది మొదలుపెట్టాలి.

చెరువు పది హెక్టార్లు, అంతకు మించితే పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు వదలాలి. నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపయితే 2 మీటర్లు. 2020 ఆగస్టు వరదల్లో హనుమకొండ కాలనీలు మునగడం చూసినవాళ్లకు దీని మీద వాదన ఉండదు.

దరఖాస్తు

2020 నవంబరులో టీఎస్-బీపాస్ అనే రాష్ట్ర భవన అనుమతుల పోర్టల్‌తో అంతా ఆన్‌లైన్ అయింది. 2025లో బిల్డ్‌నౌ పోర్టల్ హైదరాబాద్‌లో మొదలైంది. మీ మున్సిపాలిటీ పేరు ఏ పోర్టల్‌లో ఉంటే అందులో వేయాలి. ఊళ్లలో ముందు పంచాయతీ కార్యదర్శిని కలవండి, ‘కుడా’ (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) పరిధి ఉందో లేదో ఆయనే చెబుతారు.

75 గజాల లోపు ప్లాటులో 7 మీటర్ల లోపు, జీ ప్లస్ వన్ (కింద, పైన ఒక అంతస్తు) వరకు రూపాయి ఫీజుతో రిజిస్ట్రేషన్ చాలు. పెద్ద ప్లాటును కాగితం మీద ముక్కలు చేసి ఇందులో దూరితే కుదరదు. ఆపై 500 చదరపు మీటర్ల వరకు, 10 మీటర్ల ఎత్తు వరకు స్వీయధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. అది దాటితే సింగిల్ విండో, 21 రోజుల గడువు.

దగ్గర ఉండాల్సినవి: రిజిస్టర్డ్ డాక్యుమెంటు, లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల పత్రాలు), ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం), లేఅవుట్ ఆమోదం లేదా ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) పత్రం, స్థలం ఫొటోలు, లైసెన్సు ఉన్న ఇంజినీర్ గీసిన ప్లాను. ఉన్న ఇంటి మీద అంతస్తు వేస్తుంటే పాత అనుమతి ప్లాను, కింది కట్టడం బరువు మోస్తుందని స్ట్రక్చరల్ ఇంజినీర్ ఇచ్చే పత్రం కూడా. ప్లాటు 200 చదరపు మీటర్లు దాటినా, ఇల్లు 7 మీటర్ల ఎత్తు దాటినా కట్టే విస్తీర్ణంలో 10 శాతం మున్సిపాలిటీకి మార్టిగేజ్ (తనఖా) చేయాలి. 200 గజాలను 200 మీటర్లనుకుని కంగారుపడేవాళ్లు చాలామంది.

డాక్యుమెంటులో 200 గజాలుండి నేల మీద 192 వస్తే 192నే చూపండి. రోడ్డు వెడల్పు కూడా టేపుతో కొలిచిందే రాయండి. స్వీయధ్రువీకరణ అంటే బాధ్యత మీదే. తర్వాతి 21 రోజుల్లో తనిఖీ జరిగి అబద్ధం తేలితే అనుమతి రద్దవుతుంది, నోటీసు లేకుండా కూల్చే అధికారం కూడా చట్టంలో ఉంది. అందుకే తనిఖీ అయ్యేదాకా పునాది తవ్వకపోవడమే మేలు. పని మొదలుపెట్టడానికి 18 నెలలు, ముగించడానికి మూడేళ్లు గడువు. అనుమతి లేని గదికి పెనాల్టీతో ఆస్తిపన్ను కడుతున్నా ఆ రసీదుతో అది క్రమబద్ధం కాదు. బ్యాంకు లోనుకు వెళ్లినప్పుడు అడిగేది ప్లానునే.