డెల్టా నుంచి మన్యానికి: విద్యుత్ కారులో ఘాట్ ఎక్కే లెక్క

గోదావరి డెల్టాలో కారు నడిపేవారికి ఎత్తు అంటే కాలువ వంతెన, మహా అయితే చించినాడ దగ్గర వశిష్ఠ మీద కట్టిన వారధి. కాలువలో నీరు పారటానికి ఎంత వాలు కావాలో మన రోడ్లకు అంతకు మించిన వాలు లేదు. అందుచేత ఇక్కడ విద్యుత్ కారు కొన్నవారు దూరం ఒక్కటే లెక్కపెట్టటానికి అలవాటుపడతారు. డిసెంబరు వచ్చి, ఇంట్లోవాళ్లు లంబసింగి పొగమంచు చూడాలని పట్టుబట్టినప్పుడు ఆ అలవాటు పనికిరాదు. కొండదారిలో దూరానికి ఒక ఖర్చు, ఎత్తుకు వేరొక ఖర్చు ఉంటాయి. ఈ రెండింటినీ విడివిడిగా కట్టుకుంటే కొండమీద ఛార్జింగ్ స్టేషన్ లేకపోయినా వెళ్లి రావచ్చు. కలిపి ఉజ్జాయింపుగా వేసుకుంటే ఘాట్ సగంలో ఉండగా గుండె దడ మొదలవుతుంది.

లెక్క సులువుగా సాగటానికి కరెంటు బిల్లులో వాడే యూనిట్‌నే ఇక్కడా వాడుకుందాం. కారు బ్యాటరీ 40 కిలోవాట్ అవర్ అంటే అందులో 40 యూనిట్లు పడతాయని అర్థం. ఇక ఎత్తు ఖర్చు. కారు, నలుగురు మనుషులు, సామాను కలిపి 1800 కిలోలు అనుకుంటే, ఆ బరువును 1000 మీటర్ల ఎత్తుకు చేర్చటానికి భౌతికశాస్త్రం ప్రకారం 4.9 యూనిట్లు కావాలి. మోటారులోనూ ఇన్వర్టర్‌లోనూ పోయే నష్టం కలుపుకుంటే అది దాదాపు 5.5 అవుతుంది. అంటే ప్రతి 100 మీటర్ల ఎత్తుకూ అర యూనిట్, ఆపైన కాస్త. మీరు 20 కిలోమీటర్ల వేగంతో ఎక్కినా, 50తో ఎక్కినా, దారి చుట్టుతిరిగినా, నిట్టనిలువుగా పోయినా ఎత్తుకు కట్టవలసిన ఈ మొత్తం మారదు. దూరానికయ్యే ఖర్చు దీనికి అదనం.

ఈ సూత్రాన్నిబట్టే ఇంకో సంగతి తేలుతుంది. కొండకు వెళ్తున్నాం కదా, బరువు తగ్గించాలని సామాను దింపించేవారు చాలామంది ఉన్నారు. 50 కిలోల బియ్యం బస్తాను 1000 మీటర్ల ఎత్తుకు మోసుకుపోయినందుకు పట్టే కరెంటు యూనిట్‌లో ఆరో వంతు కూడా ఉండదు, అంటే చదును రోడ్డు మీద ఒక కిలోమీటరు ప్రయాణం. కాబట్టి అత్తగారు కట్టిచ్చిన కొబ్బరికాయల సంచి గురించి పేచీ పెట్టుకోనక్కర్లేదు. కారు పైకప్పు మీద క్యారియర్ బిగించి దానికి పెట్టెలు కడితే మాత్రం గాలి అడ్డు పెరిగి, హైవే మీద అంతకు ఎన్నో రెట్లు నష్టం వస్తుంది.

ఇప్పుడు ఒక దారి తీసుకుని లెక్క వేద్దాం. అమలాపురం నుంచి 216వ నంబరు జాతీయ రహదారి మీద యానాం, కాకినాడ మీదుగా కత్తిపూడి చేరి, అక్కడ 16వ నంబరు రహదారి ఎక్కి అన్నవరం, తుని దాటి, నర్సీపట్నం మీదుగా లంబసింగి వెళ్లాలంటే సుమారు 180 నుంచి 190 కిలోమీటర్లు అవుతుంది. నర్సీపట్నం సముద్రమట్టానికి 60 మీటర్ల లోపు ఎత్తులో ఉంటుంది. లంబసింగి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంటుంది. అంటే ఎక్కవలసిన ఎత్తు దాదాపు అంతా చివరి 30, 35 కిలోమీటర్లలోనే వస్తుంది. నర్సీపట్నం దాకా 150 కిలోమీటర్లు, యూనిట్‌కు ఆరున్నర కిలోమీటర్ల చొప్పున 23 యూనిట్లు. ఆపైన వేగం తక్కువ కాబట్టి దూరానికి 4, ఎత్తుకు 5, వెరసి 9. మొత్తం 32 యూనిట్లు. ఇంటిదగ్గర నిండుగా నింపిన 40 యూనిట్ల బ్యాటరీలో పైకి చేరేసరికి 8 మిగులుతాయి. కారు చేరుతుంది, కానీ పైన తిరిగి, వెనక్కి రావటానికి ఆ 8 చాలవు. కనుక దారిలో ఒకచోట నింపుకోవలసిందే, ఆ చోటు కొండకు వీలైనంత దగ్గరగా ఉండాలి.

నా పద్ధతి ఏమిటంటే, హైవే మీద నమ్మకమైన ఆఖరి ఫాస్ట్ ఛార్జర్‌ను ముందుగానే గుర్తుపెట్టుకుని, దానికి ఒక మజిలీ ఇవతల ఇంకొకదాన్ని కూడా రాసుకుంటాను. ఒకసారి నేను నమ్ముకున్న స్టేషన్‌లో కారుకు తగిలించే రెండు ఛార్జింగ్ గన్‌లలో ఒకటి చెడిపోయి ఉంది, రెండోదాని దగ్గర ముగ్గురు వరుసలో ఉన్నారు. అప్పటినుంచి బ్యాటరీలో 40 శాతం ఉండగానే మొదటి స్టేషన్‌లోకి తిప్పటం అలవాటు చేసుకున్నాను. మామూలు ప్రయాణాల్లో 80 శాతం దాటాక ఛార్జింగ్ నెమ్మదిస్తుంది కాబట్టి అక్కడితో ఆపేయటం తెలివైన పని. కొండకు వెళ్లేటప్పుడు మాత్రం ఇంకో పావుగంట టీ తాగుతూ కూర్చుని 85, 90 దాకా ఎక్కించుకోవాలి. అలాగే ఛార్జింగ్ కంపెనీల యాప్‌లలో డబ్బు వేయటం, ఖాతాలు తెరవటం వంటివి ఇంటిదగ్గరే ముగించండి. ఏజెన్సీలో సిగ్నల్ పోయిన చోట ఓటీపీ కోసం ఫోన్‌ను ఆకాశం వైపు ఎత్తి పట్టుకుని తిరగటం ఎవరికీ మంచిది కాదు.

హైవే మీద వేగం గురించి ఒక మాట. గాలి అడ్డు వేగానికి వర్గ నిష్పత్తిలో పెరుగుతుంది కాబట్టి 100కు బదులు 80తో వెళ్తే మిగిలే కరెంటు గణనీయంగా ఉంటుంది. ఘాట్ ఎక్కేందుకు కావలసిన యూనిట్లను ఘాట్ మీద పొదుపు చేయలేము, కింద చదును మీదనే చేసుకోవాలి. టైర్లలో గాలి, కారు తలుపు పక్కన అంటించిన చీటీలో ఉన్నంత, బయలుదేరే ముందు టైర్లు చల్లగా ఉన్నప్పుడే పట్టించుకుంటే చాలు.

డౌనూరు ఘాట్ మొదలవగానే తెర మీద ఇంకా ఎన్ని కిలోమీటర్లు వెళ్లగలదో చూపే అంకె విపరీతంగా పడిపోతుంది. మొదటిసారి వెళ్లినప్పుడు పక్క సీట్లో కూర్చున్న మా బావమరిది దాన్నే చూస్తూ, ‘బావా, మనం వచ్చింది 14 కిలోమీటర్లు, ఇదేమో 45 తగ్గించేసింది, వెనక్కి తిప్పేద్దామా’ అన్నాడు. కారు చేసిన తప్పేమీ లేదు. అంతవరకు డెల్టా రోడ్ల మీద నడిచిన తీరును బట్టి అది అంచనా కట్టింది. ఇప్పుడు ఎక్కుడు చూసి, దారి పొడవునా ఇలాగే ఎక్కాలేమో అనుకుంటోంది. దిగేటప్పుడు అదే అంకె అంతే అసంబద్ధంగా పెరిగి, అమలాపురం దాటి నరసాపురం దాకా వెళ్లిపోవచ్చని ఆశ పెడుతుంది. రెండింటినీ నమ్మకూడదు. కొండ మీద చూడవలసింది బ్యాటరీ శాతం ఒక్కటే. కాగితం మీద ముందుగా రాసుకున్న శాతానికి, తెర మీద కనిపించేదానికి అయిదు లోపు తేడా ఉంటే నిశ్చింతగా సాగవచ్చు. సగం దారిలోనే పది తేడా వస్తే ఆగి ఆలోచించాలి.

ఎక్కేటప్పుడు వేగం నిలకడగా ఉంచటమే ప్రధానం. విద్యుత్ కారుకు తొక్కగానే దూసుకుపోయే బలం ఉంది కాబట్టి, ప్రతి మలుపు నుంచి బయటపడగానే ఉరికించి మళ్లీ మలుపు దగ్గర బ్రేకు తొక్కాలనిపిస్తుంది. ఆ ఉరుకుకు పెట్టిన కరెంటులో కొంత ప్రతిసారీ పోతూనే ఉంటుంది, వెనక కూర్చున్న పిల్లలకు వాంతులు అదనం. మలుపుల దగ్గర హారన్ తప్పనిసరి. ఇంజిన్ చప్పుడు లేనందువల్ల సంత నుంచి నడిచి వచ్చేవారికి, రోడ్డు మీద పడుకున్న పశువులకు మన రాక తెలియదు. ఎదురుగా దిగే వాహనం ఎక్కే వాహనానికి దారి ఇవ్వాలన్నది నియమం. పైనుంచి దిగేటప్పుడు ఆ మర్యాద మీరూ పాటించాలి. ఇంకో హెచ్చరిక: బ్యాటరీ అడుగంటుతున్నప్పుడు చాలా కార్లు మోటారు బలాన్ని తమంతట తామే తగ్గించుకుంటాయి. చదును మీద అది చికాకు, ఎక్కుడు మీద ప్రమాదం. పైకి చేరేసరికి, పైన తిరుగుడుకు, కింద ఛార్జర్ దాకా వెనక్కి రావటానికి కావలసినది పోను ఇంకో 15 శాతం మిగిలేటట్టు లేకపోతే ఘాట్ ఎక్కవద్దు. రోడ్డు మీద చెట్టు పడినా, బండరాళ్లు జారినా వేరే దారిలో తిరిగి రావటానికి ఆ 15 శాతమే దిక్కు.

రాత్రి కొండమీద బస చేస్తే, అక్కడి ప్లగ్‌ను వరంగా భావించండి గాని దానిమీద ప్రయాణాన్ని ఆధారపరచవద్దు. గది మాట్లాడుకునేటప్పుడే ‘కారు ఛార్జింగ్ ఉందా’ అని అడిగితే లేదంటారు. ‘గీజర్ పాయింట్ ఉందా, దాని పక్కన కారు పెట్టుకోవచ్చా’ అని అడిగితే చాలాచోట్ల ఉందంటారు. మనకు కావలసింది ఆ లావు మూడు పిన్నుల పాయింటే. ఒకసారి చింతపల్లిలో బస చేసినప్పుడు ప్లగ్ పెట్టగానే మా ఛార్జర్ పెట్టె మీద ఎర్రదీపం వెలిగింది, ఎర్త్ లేదని దాని ఫిర్యాదు. తీగ ఉంది, గుంట ఉంది, ఎర్త్ మాత్రం అందటం లేదు. డెల్టాలో రెండు గజాలు తవ్వితే నీరు పడుతుంది కాబట్టి మనకు ఎర్త్ సమస్య అంతగా తెలియదు. కొండమీద నేల రాతిది, వానాకాలం వెళ్లాక ఎర్త్ గుంట ఎండిపోతుంది. లాడ్జి కుర్రాడు పెరట్లోకి తీసుకెళ్లి, మూత తీసి గుంట చూపించాడు. లోపల బొగ్గు పొడి తెల్లబడి ఉంది. ఇద్దరం కలిసి నాలుగు బకెట్ల నీళ్లు నెమ్మదిగా పోశాము, అవి ఇసుకలో ఇంకినట్టు ఇంకిపోయాయి. పావుగంట తర్వాత ఎర్రదీపం పోయి పచ్చదీపం వచ్చింది. తీగలు కలిపి, ఎర్త్ ఉన్నట్టు ఛార్జర్‌ను మభ్యపెట్టే చిట్కాలు కొందరు చెబుతారు. తడి నేలలో నిలబడి కారు తలుపు పట్టుకునేది మన పిల్లలే కాబట్టి ఆ పని ఎన్నడూ చేయవద్దు.

కేబుల్ విషయంలో రొయ్యల చెరువుల రైతులకు నేను చెప్పవలసిందేమీ లేదు. గట్టు పొడవునా ఏరేటర్లకు సన్నని తీగ లాగితే చివరి మోటారు మూలగటం వారు చూసిందే. ఇక్కడా అంతే: ఎక్స్‌టెన్షన్ తప్పదనుకుంటే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఉన్నది ఇంటినుంచే తీసుకెళ్లండి, చుట్ట విప్పకుండా వాడవద్దు, అరగంట తర్వాత ప్లగ్‌ను చేత్తో తాకి చూడండి. వేలు పెట్టలేనంత వేడెక్కితే ఆపేయండి లేదా మీ కారులో సౌకర్యం ఉంటే కరెంటును 10 ఆంపియర్లకో 6 ఆంపియర్లకో తగ్గించండి. కొండమీద వోల్టేజి తరచు 200కు దిగువనే ఉంటుంది. 195 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లంటే గంటకు రెండు యూనిట్లు కూడా పడవు. ఆ రాత్రి తొమ్మిది గంటల్లో మా కారు 35 నుంచి 70 శాతానికి చేరింది, అదీ కరెంటు పోకుండా ఉన్నందువల్ల. వాడుకున్న యూనిట్లకు యజమానికి ఉదారంగా డబ్బివ్వండి. తర్వాత వచ్చే కారుకు ఆయన ప్లగ్ ఇస్తాడో లేదో మీ చేతిలో ఉంది.

దిగుడు చాలామంది అనుకున్నంత పండగ కాదు. పోసిన శక్తిలో బ్రేకింగ్ ద్వారా తిరిగి బ్యాటరీలోకి వచ్చేది సగానికి కాస్త ఎక్కువ. అందులోనూ కొంత దారి ఖర్చుకు పోతుంది. నర్సీపట్నం చేరేసరికి శాతం దాదాపు పైన ఉన్నంతే ఉంటుంది, జాగ్రత్తగా దిగితే ఒకటో రెండో పెరుగుతుంది. లెక్కలో మాత్రం దిగుడుకు సున్నా రాసుకోండి. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు వెళ్లే ఘాట్ వంటి, ఎక్కి దిగి మళ్లీ ఎక్కే దారుల్లో ఈ సంగతి మరీ ముఖ్యం. రెండు కొసల ఎత్తుల తేడా చూసి మోసపోకూడదు, మధ్యలో ఎక్కిన ఎక్కుళ్లన్నీ కూడాలి, ఎందుకంటే ప్రతి దిగుడులోనూ కొంత శక్తి పోతుంది. గూగుల్ ఎర్త్‌లో దారి గీసుకుంటే ఆ ఎక్కుడు దిగుళ్లు కనిపిస్తాయి.

బ్యాటరీ నిండుగా ఉంటే, తిరిగి వచ్చే కరెంటుకు చోటుండదు. పైన రాత్రంతా ప్లగ్ పెట్టి 100 చేసుకుని తెల్లవారి దిగితే రీజెన్, అంటే మోటారే కారును పట్టి ఆపుతూ కరెంటును బ్యాటరీలోకి పంపే ఏర్పాటు, పనిచేయక, బరువంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. లంబసింగిలో చలికాలపు తెల్లవారుజామున ఉండే చలికి బ్యాటరీ బిగుసుకుని, సగం ఖాళీగా ఉన్నా ఛార్జింగ్‌ను సరిగా తీసుకోదు. కాబట్టి ఎండ కాస్త ఎక్కాక బయలుదేరి, మొదటి రెండు మలుపుల్లో రీజెన్ ఎంత పట్టి ఆపుతోందో చూసుకుని అప్పుడు వేగం నిర్ణయించుకోండి. వంతెన దిగేటప్పుడు న్యూట్రల్ చేసి పెట్రోలు మిగిల్చే పాత అలవాటు మనలో చాలామందికి ఉంది. విద్యుత్ కారులో న్యూట్రల్ చేస్తే రీజెన్ పోతుంది, పట్టూ పోతుంది. హీటర్ బదులు స్వెట్టర్ వేసుకోండి, అద్దం మీద ఆవిరి పట్టినప్పుడు మాత్రం యూనిట్లకు వెనకాడకుండా ఏసీ వేసి తుడవండి.

డ్యాష్‌బోర్డు అరలో ఒక చిన్న పుస్తకం పెట్టుకుని, ప్రతి మజిలీలో శాతం రాయటం నా అలవాటు. ప్లగ్ దొరకని ఒక ప్రయాణం పేజీ ఇలా ఉంది: తుని 86, నర్సీపట్నం 72, లంబసింగి 50, చింతపల్లి వెళ్లి వచ్చాక 35, మళ్లీ నర్సీపట్నం 35, తుని 21. పక్కన పెన్సిల్‌తో మా బావమరిది చేతిరాత ఉంది: ‘దిగుడు సున్నా, సరిపోయింది’.