ఊరి ఆటస్థలానికి నిధులు: ఎవరికి ఏ అర్జీ పెట్టాలి?

ఊళ్లో ఆటస్థలం కావాలని, పొద్దున నడవడానికి ట్రాక్ కావాలని వెళ్లే అర్జీలకు లెక్కలేదు. వాటిలో చాలావరకు ఒకే కాగితానికి జిరాక్సులు. సర్పంచ్‌కొకటి, ఎమ్మెల్యేకొకటి, ఎంపీకొకటి, దగ్గర్లో సిమెంటు ఫ్యాక్టరీ ఉంటే దానికొకటి. అన్నింట్లో ఒకే వాక్యం: "మా గ్రామానికి క్రీడా మైదానం మంజూరు చేయగలరని ప్రార్థన." అందరూ తీసుకుంటారు, తప్పకుండా చూద్దామంటారు, కాగితం ఫైల్లోకి పోతుంది. మేమూ మొదట అలాగే రాశాం. తీసుకున్న ఆఫీసులో ఒకాయన మొహమాటపడకుండా చెప్పాడు: "దీంట్లో మా పద్దులో పడేది ఏంటండీ?"

అసలు సంగతి అదే. పంచాయతీ డబ్బుతో చేయగలిగేది వేరు, ఎంపీ నిధులతో చేయగలిగేది వేరు, కంపెనీ ఇవ్వగలిగేది వేరు. పనిని ముక్కలు చేసి, ఏ ముక్క ఎవరిదో చూసుకుని, ఎవరి ముక్క వారినే అడగాలి.

అర్జీకి ముందు ఒక వారం

లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక 2024లో ఇచ్చిన అంచనా ప్రకారం, 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి చాలినంత శారీరక శ్రమ లేదు. ఆడవాళ్లలో అది 57 శాతం, మగవాళ్లలో 42 శాతం. చాలినంత అంటే వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో నడిచినంత. పల్లెటూళ్లకు ఈ గొడవ లేదనుకుంటాం. నాట్లు వేసే మనిషికి లేదు, నిజమే. కానీ రోజంతా ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు, మిషను కుట్టేవాళ్లు, షుగరు వచ్చి పొలం మానేసిన పెద్దాయన, ఇంటర్‌లో హాస్టలుకు వెళ్లి ఆటే మర్చిపోయిన పిల్ల కూడా ఊళ్లోనే ఉన్నారు.

కాబట్టి ఒక వారం పాటు పొద్దున ఆరింటికి, సాయంత్రం ఐదింటికి ఊళ్లో ఎవరు ఎక్కడ ఆడుతున్నారో, నడుస్తున్నారో నోట్‌బుక్కులో రాయండి. గ్రామ సమాఖ్య మీటింగులో పది నిమిషాలు అడిగి తీసుకుని, ఆడవాళ్లను ఏం కావాలో అడగండి. చాలా ఊళ్లలో వాళ్లు అడిగేది క్రికెట్ పిచ్ కాదు. లారీలు తిరిగే రోడ్డు అంచున నడవాల్సిన పని లేకుండా ఒక బాట, రెండు లైట్లు. అర్జీలో ఏం అడగాలో ఈ వారంలో తేలుతుంది. లేకపోతే వాలీబాల్ ఆడే పదిహేను మంది కుర్రాళ్లకే ఊరి మొత్తం పేరు చెప్పి నిధులు అడిగినట్టవుతుంది.

స్థలం కాగితాలు

ఎవరి దగ్గరికి వెళ్లినా మొదట అడిగేది సర్వే నంబరు. తెలంగాణలో పహాణీ, ఆంధ్రలో అడంగల్ తీయించి, అది ప్రభుత్వ భూమో, పంచాయతీదో, బడిదో చూసుకోండి. సర్వేయరుతో హద్దులు చూపించి స్కెచ్ తీసుకోండి. చెరువు శిఖం, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే భూమి, దాని జోలికి వెళ్లొద్దు. ఎండాకాలంలో బల్లపరుపుగా ఊరిస్తుంది గానీ, ఊరి చెరువును పూడ్చి ఇళ్లు కట్టిన కేసులో 2011లోనే సుప్రీంకోర్టు ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది.

తెలంగాణలో 2022లో ప్రభుత్వం క్రీడా ప్రాంగణం పెట్టిన ఊరైతే స్థలం ఇప్పటికే గుర్తించి ఉంటుంది. అక్కడ బోర్డు, పల్లేరు ముళ్లు తప్ప ఏమీ మిగలకపోయినా సరే, కొత్త స్థలం వెతకడం కన్నా దాన్ని బాగుచేయమని అడగడం తేలిక.

మొదటి ముక్క: పంచాయతీ

చదును చేయడం, కంప తీయించడం, వీధి దీపాలు, నీళ్ల కుళాయి. ఇవి పంచాయతీని అడగాలి. అడగాల్సిన చోటు గ్రామసభ. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. పాలకవర్గం లేని సమయంలో ప్రత్యేక అధికారి ఉంటారు, పని ఆగదు. పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక కసరత్తు ఏటా అక్టోబరు 2 ప్రాంతంలో మొదలవుతుంది కాబట్టి అప్పటికి మీ అర్జీ కార్యదర్శి బల్ల మీద ఉండాలి. ప్రణాళికలో లేని పనికి మధ్యలో డబ్బు అడిగితే ఎవరూ ఇవ్వలేరు. మీ పంచాయతీ ప్రణాళికలో ఏముందో ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్లో ఎవరైనా చూసుకోవచ్చు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 15వ ఆర్థిక సంఘం సిఫారసుతో 2021-26 కాలానికి కేంద్రం పంచాయతీలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే కట్టిపెట్టారు. మిగతా 40 శాతంలోంచే ఆటస్థలం లాంటివాటికి రావాల్సి వచ్చేది. అందుకే పంచాయతీని పెద్ద పని అడగొద్దు. చిన్నది అడిగి తీర్మానం సంపాదించండి. మిగతా వాళ్లందరి దగ్గరా ఆ తీర్మానమే మీకు బలం.

రెండో ముక్క: ఎంపీ నిధులు

కట్టుబడి పనులు ఇక్కడ: ప్రహరీ, నడక ట్రాక్, నేలలో పాతే వ్యాయామ పరికరాలు. ఎంపీ లాడ్స్ అనే పథకం కింద ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్ల రూపాయల పనులు సిఫారసు చేసే వీలుంది. లోక్‌సభ సభ్యులు తమ నియోజకవర్గంలో, రాజ్యసభ సభ్యులు తాము ఎన్నికైన రాష్ట్రంలో ఎక్కడైనా చేయొచ్చు. రాజ్యసభ సభ్యులను అడగాలని మనకు తట్టనే తట్టదు, అది కూడా ప్రయత్నించండి.

ఎంపీ డబ్బు ఇవ్వరు, సిఫారసు చేస్తారు. మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం, ఫైలు నడిచేది ముఖ్య ప్రణాళిక అధికారి కార్యాలయంలో. సిఫారసు అందిన 45 రోజుల్లో మంజూరో తిరస్కరణో తేల్చాలని నిబంధన. స్థలం కొనడానికి, కోచ్ జీతానికి, బంతులకు, నెట్లకు ఈ డబ్బు రాదు. కట్టినదాని నిర్వహణ ఎవరు చూసుకుంటారో మంజూరుకు ముందే రాతపూర్వకంగా అడుగుతారు. ఏటా 15 శాతం ఎస్సీలు, 7.5 శాతం ఎస్టీలు ఉండే ప్రాంతాలకు సిఫారసు చేయాలి కాబట్టి, స్థలం ఎస్సీ కాలనీకి, తండాకు ఆనుకుని ఉంటే ఆ మాట అర్జీలో తప్పక రాయండి.

నమూనా ఇలా ఉండొచ్చు:

"విషయం: మా గ్రామంలోని సర్వే నంబరు ...లో నడక ట్రాక్, ప్రహరీ నిర్మాణానికి ఎంపీ లాడ్స్ నిధుల నుంచి సిఫారసు కోరుతూ.

అయ్యా,
పై సర్వే నంబరులోని ... ఎకరాల ప్రభుత్వ స్థలాన్ని ఆటస్థలంగా వాడుకోవాలని ... తేదీన గ్రామసభ తీర్మానించింది. రోజూ పొద్దున ... మంది మహిళలు మెయిన్ రోడ్డు అంచున నడుస్తున్నారు. చదును, దీపాలు పంచాయతీ చేస్తుంది. పంచాయతీరాజ్ ఏఈ గారి అంచనా ప్రకారం ట్రాక్‌కు, ప్రహరీకి ... రూపాయలు అవుతుంది. వీటికి మాత్రమే మీ సిఫారసు కోరుతున్నాం. నిర్వహణ పంచాయతీ, గ్రామ సమాఖ్య చూసుకుంటాయి.
జతపరిచినవి: తీర్మానం, స్కెచ్, అంచనా, నిర్వహణ హామీ పత్రం."

"మాత్రమే" అన్న మాట తీసేయకండి. మిగతా ముక్కలకు వేరేవాళ్లు ఉన్నారని చదివేవాళ్లకు తెలిసేది ఆ మాటతోనే.

మూడో ముక్క: కంపెనీ

2013 కంపెనీల చట్టం ప్రకారం 5 కోట్లు, ఆపైన నికర లాభం ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) కింద ఖర్చుపెట్టాలి. టర్నోవరు 1,000 కోట్లు గానీ, నికర విలువ 500 కోట్లు గానీ దాటినవి కూడా ఇందులోకి వస్తాయి. ఆ చట్టంలోని ఏడో షెడ్యూల్లో గ్రామీణ క్రీడల ప్రస్తావన ఉంది, కానీ అక్కడి మాట "శిక్షణ". అందుకని కంపెనీకి రాసేటప్పుడు గోడ అడగకండి. కబడ్డీ, ఖోఖో నేర్పే కోచ్‌ను, ఆడపిల్లలకు ఏడాది శిక్షణను అడగండి. ఎంపీ నిధుల్లో రానిది సరిగ్గా ఇక్కడ వస్తుంది.

యువజన సంఘం పేరు మీద నేరుగా చెక్కు రావడం కష్టం. 2021 ఏప్రిల్ నుంచి ఈ డబ్బుతో పనిచేసే సంస్థలు సీఎస్‌ఆర్-1 ఫారంతో నమోదై ఉండాలి, సాధారణంగా మూడేళ్ల పని అనుభవమూ చూపాలి. ఏడుగురు కలిసి జిల్లా రిజిస్ట్రారు దగ్గర సొసైటీ నమోదు చేసుకోవచ్చు, మంచిదే, కానీ ఈ ఏడాది డబ్బుకు అది సరిపోదు. నమోదైన స్వచ్ఛంద సంస్థను కలుపుకోండి, లేదా కంపెనీనే స్వయంగా కోచ్‌ను పెట్టమనండి.

బడి తాళం

చాలా ఊళ్లలో ఆటస్థలం ఉన్నది హైస్కూల్లోనే, సాయంత్రం నాలుగున్నరకు గేటుకు తాళం పడుతుంది. కొత్తగా కట్టించే ముందు హెడ్మాస్టరును, పాఠశాల కమిటీని కలవండి. గంటలు, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, పగిలిన అద్దానికి ఎవరు కడతారు, ఈ మూడూ కాగితం మీద రాసుకుంటే సగం ఊళ్లకు ఎంపీ దాకా వెళ్లే పనే ఉండదు. సమగ్ర శిక్ష పథకం కింద బడికి వచ్చే ఆటసామగ్రి గ్రాంటు ప్రాథమిక పాఠశాలకు 5,000, ప్రాథమికోన్నతకు 10,000, ఉన్నత పాఠశాలకు 25,000 రూపాయల దాకా ఉంటుంది. అది పిల్లల కోసం వచ్చింది. ఊరివాళ్లు బంతి తెచ్చుకోవాలి, బడి బంతి వాడుకోకూడదు.

ఇచ్చాక

ప్రతి అర్జీకీ రసీదు తీసుకోండి. కదలిక లేకపోతే సోమవారం తెలంగాణలో ప్రజావాణిలో, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో రసీదు నకలుతో మళ్లీ ఇవ్వండి. 45 రోజులు దాటినా ఎంపీ సిఫారసు మీద జవాబు రాకపోతే ముఖ్య ప్రణాళిక అధికారి కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. జిల్లా కార్యాలయంలో ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "మా పని ఎప్పుడు చేస్తారు?" అని అడిగితే ఏమీ తేలదు. సిఫారసు ఏ తేదీన అందింది, ఇప్పుడు ఫైలు ఎవరి దగ్గర ఉంది, అంచనా ఏ ఇంజనీరుకు పంపారు, ఈ మూడే అడగండి.